వేలానికొచ్చిన ఇంటి కిటికీలు

నేను ఒక టేపును. పాటలు పాడేదాన్ని కాదు, కొలిచేదాన్ని. పదహారడుగుల పసుప్పచ్చ ఉక్కు పట్టీ, దాని మీద నల్ల అంకెలు, చివర చిన్న కొక్కెం, అరచేతిలో ఇమిడే డబ్బా. లాగితే బయటికొస్తాను, వదిలితే టప్పున లోపలికెళతాను. ఇంత చిన్న పనికే మనుషులు నా ముందు ఎంత గాభరా పడతారో చెబితే మీరు నమ్మరు. స్థలం అమ్మేవాడు నన్ను వదులుగా పట్టుకుంటాడు, కొనేవాడు బిగించి లాగుతాడు. ఇద్దరూ చివరికి నన్నే తిడతారు.

పుట్టింది ఉత్తరాదిన ఎక్కడో ఒక కర్మాగారంలో. రోజుకు నాలాంటివాళ్ళు కొన్ని వేలమంది పుట్టేచోట పుట్టినందుకు గొప్పలు చెప్పుకోను. లారీలెక్కి, గోదాములు మారి, భీమవరంలో ఒక హార్డువేరు కొట్లో మేకుకు వేలాడాను. అక్కడికి లక్కోజు వీరభద్రాచారి అనే వడ్రంగి వచ్చాడు. నన్నూ నా పక్కనున్న ఇద్దరినీ దింపించి, సంచిలోంచి తన పాత చెక్క స్కేలు తీసి, ముగ్గురినీ దాని పక్కన పెట్టి చూశాడు.

కొట్టాయన నవ్వాడు. "కంపెనీ సరుకండీ ఆచారిగారూ, తేడా ఉంటదా?"

"తలుపు బిగుసుకుపోతే కంపెనీకి తిట్లు రావు, నాకొస్తాయి," అన్నాడు ఆచారి. ముగ్గురిలో నన్ను ఎంచుకున్నాడు.

ఎనిమిదేళ్ళు ఆయన నడుముకు వేలాడాను. ఆ తర్వాత ఊళ్ళోకి రెడీమేడ్ తలుపులొచ్చాయి, ఆచారి భుజమూ పట్టేసింది. ఆయన కూతురు సుభాషిణి కర్టెన్లు కుట్టే పని మొదలుపెట్టిన రోజున నన్ను ఆమె చేతిలో పెట్టాడు. "గుడ్డ టేపు సాగుద్దమ్మా. కిటికీని దీంతోనే కొలు," అని ఒక్క మాట అన్నాడు. అలా నేను చేతులు మారాను.

సుభాషిణితో తిరిగిన పన్నెండేళ్ళలో భీమవరంలో నేను చూడని పడకగది లేదంటే అతిశయోక్తి కాదు. కర్టెను కొలవడానికి వచ్చిన మనిషి ముందు ఇంటివాళ్ళు ఏమీ దాచరు. ఆమె కిటికీ కొలిచేది, అంకె చీటీ మీద రాసుకునేది, కుట్టేది, నిచ్చెనెక్కి తగిలించేది. తనూ, బంగారం కొట్లో సేల్స్‌మన్‌గా పనిచేసే ఆమె భర్త గణపతీ ఉండేది మాత్రం రెండు అద్దె గదుల్లో. వాటికున్నది ఒకే ఒక్క కిటికీ. దానికి కర్టెను లేదు. కడితే ఆ వచ్చే కాస్త గాలీ ఆగిపోతుందని ఆమె భయం.

ఒక వేసవిలో ఎవరిదో కొత్త ఇంట్లో కర్టెను కమ్మీ తగిలిస్తుండగా నిచ్చెన జారింది. ఆమె ఎడమ మణికట్టు విరిగింది, నా డబ్బా మూల చెక్కుకుపోయింది. నాకేం కాలేదు, ఆమెకు మూడు నెలలు పని పోయింది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని పొద్దల్లా పేపరు చదివేది. వార్తలు అయిపోతే ప్రకటనలు చదివేది. ఒక పేజీ నిండా చీమల్లాంటి అక్షరాలతో బ్యాంకుల వేలం నోటీసులుండేవి. అప్పటిదాకా ఆమె ఆ పేజీని కిటికీ అద్దాలు తుడవడానికే వాడింది.

"చెయ్యి ఆడితేనే మనకి అన్నం," అంది ఒకరోజు భర్తతో. "ఆడకపోయినా అద్దె తెచ్చేది ఒకటుండాలండి. మామూలుగా కొనే ఇల్లు మనకి అందదు. బ్యాంకు వేలంలో కొంచెం తక్కువకొస్తాయంట."

గణపతి అన్నం కలుపుతున్నవాడు ఆగిపోయాడు. "వేలం ఇల్లంటే ఒకళ్ళ ఏడుపు కొనుక్కోడమే సుభా."

"చూద్దాం. చూడ్డానికి కూడా భయమైతే ఇంక ఈ రెండు గదులే మనకి."

కట్టు విప్పిన వారమే ఆమె పని మొదలుపెట్టింది. తను కర్టెన్లు వేసిన ఇంటాయన ఒకరు బ్యాంకులో అధికారి. ఆయన దగ్గరకెళ్ళి, చదువుకునే పిల్లలా నోటుపుస్తకం పట్టుకుని కూర్చుంది. వేలంలో పాల్గొనాలంటే ముందుగా ధరావతు కట్టాలని, పాట ఖాయమైతే మర్నాటికల్లా పావు వంతు, పదిహేను రోజుల్లో మిగతాది కట్టాలని, కట్టలేకపోతే అంతవరకూ కట్టిందంతా పోతుందని ఆయన చెప్పాడు. "ఇంకో మాటమ్మా. ఇల్లు ఎక్కడ ఎలా ఉంటే అలాగే అమ్ముతాం. తర్వాత వచ్చి గోడ వంకరని మమ్మల్ని అడక్కూడదు."

అందుకే మొదటి ఇల్లు చూడటానికి నన్ను వెంట తీసుకెళ్ళింది. నోటీసులో ఇంటి ముందు ఇరవై అడుగుల రోడ్డని ఉంది. సుభాషిణి కొక్కేన్ని ఎదురింటి గోడకు తగిలించి నన్ను లాగింది. పదకొండడుగులు. వెనక్కి వెళ్ళి చూస్తే వంటగది నాలుగడుగుల మేర పంటకాలువ గట్టు మీద ఉంది. కాగితం మీద పెద్దదైన ఆ ఇల్లు నేను చుట్టూ తిరిగొచ్చేసరికి చిన్నదైపోయింది. ఆమె నోటుపుస్తకంలో దాన్ని కొట్టేసింది.

రెండో ఇల్లు బాగుంది. ధరావతు కట్టింది. వేలం రోజున ఇద్దరూ నెట్ సెంటర్‌లో కంప్యూటరు ముందు కూర్చున్నారు. ఇంతకు మించి పాడకూడదు అనుకున్న అంకెను ఆమె ముందురోజే చీటీ మీద రాసి, నా డబ్బా వీపుకు అతికించింది. ఎదుటివాళ్ళెవరో కనపడరు. తెర మీద అంకె మారుతుంది, అంతే. గడువు ముగిసే క్షణంలో ఎవరైనా పెంచితే ఇంకో ఐదు నిమిషాలు పొడిగిస్తారు. అంకె నా వీపు మీది అంకెను దాటింది.

వేలమే వద్దన్న గణపతికి అప్పుడు చెమటలు పట్టాయి. "ఒక్క పాతికవేలు సుభా. ఒక్కసారి నొక్కు. వాడు ఆగిపోతాడు."

సుభాషిణి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. "నిన్న చల్లగా కూర్చుని రాసుకున్నామండి ఆ అంకె. ఇప్పుడున్న ఒంటి వేడిలో మార్చకూడదు."

ఐదు నిమిషాలు గడిచాయి. ఇల్లు వేరెవరికో పోయింది. ఆమె ఇంటికొచ్చి, అన్నం తిని, ఎవరివో ఆరు కర్టెన్లకు అంచులు కుట్టింది. మనుషులు ఓడిపోతే నాలుగు రోజులు పడుకుంటారని విన్నాను. ఈమె మర్నాడు పొద్దున్నే మళ్ళీ పేపరు కొనుక్కొచ్చింది.

మూడో ఇల్లు రెండుసార్లు వేలానికొచ్చినా ఎవరూ పాడలేదు. బ్యాంకు ధర తగ్గించింది. కారణం అందరికీ తెలుసు. ఇల్లు పోగొట్టుకున్న నరసింహరాజుగారు భార్యతో ఇంకా అందులోనే ఉంటున్నారు. బ్యాంకు స్వాధీనం చేసుకున్నది కాగితం మీదే. రొయ్యల చెరువులతో ఒకప్పుడు బాగా బతికిన మనిషి, ఆయన్ని గేటు బయటికి పంపే ధైర్యం ఎవరికుంటుందని ఊరు అనుకుంది.

సుభాషిణి ఒక ఆదివారం పొద్దున వెళ్ళి తలుపు తట్టింది. అరవై ఏళ్ళ పొడుగాటి మనిషి తలుపు తీశాడు.

"నా పేరు సుభాషిణండి. కర్టెన్లు కుడతానండి."

"మాకక్కర్లేదండి."

"అమ్మడానికి రాలేదండి. ఈ ఇల్లు వేలానికొస్తంది కదండీ, పాడదామనుకుంటున్నాను. మీకు తెలీకుండా సందులోంచి తొంగిచూడ్డం నాకిష్టం లేదండి. అందుకే వచ్చాను."

రాజుగారి మొహం నల్లబడింది. "దయచెయ్యండి," అన్నాడు.

రమ్మనడానికీ పొమ్మనడానికీ వాళ్ళ ఇళ్ళల్లో ఆ ఒక్క మాటే. ఆయన గొంతు వింటే ఇది పొమ్మనడమేనని అర్థమైంది. సుభాషిణి మెట్టు దిగబోయింది. అంతలో లోపలి కర్టెను వెనక నుంచి ఆయన భార్య వసుంధర గొంతు వినిపించింది.

"ఎండన పడి వచ్చిన మనిషండి. మంచినీళ్ళన్నా ఇవ్వకుండా పంపిస్తారా?"

అలా లోపలికెళ్ళాం. గదులు కొలిచాం. గోడలు గట్టివి. మేడ మీద ఒకచోట నీళ్ళు దిగుతున్నాయి, ఒక గోడకు వెంట్రుకంత బీట ఉంది. కిటికీలు తొమ్మిది. తొమ్మిదింటికీ జరీ అంచుల బరువైన కర్టెన్లు నేల దాకా ఉన్నాయి. వీధి వైపువి ఎప్పుడూ తీసినట్టు లేవు. గుడ్డ మడతల్లో రంగు కొత్తగా ఉంది, కమ్మీల మీద రింగుల రాపిడి లేదు. వసుంధరమ్మగారు ఆ ఇంట్లో ముప్పయ్యేళ్ళుగా వీధికి కనపడకుండా బతికారు. వాళ్ళ పెద్దల కాలంనుంచీ అదే మర్యాద.

నీళ్ళు తాగి గ్లాసు కింద పెడుతూ సుభాషిణి అడిగింది. "రాజుగారూ, తప్పుగా అనుకోకండి. వేలం లోపల బాకీ కట్టి విడిపించుకునే దారి ఏదన్నా ఉందాండి? ఉంటే చెప్పండి, నేను పాడను."

ఆయన ఖాళీ గ్లాసు తీసి పక్కన పెట్టాడు. "రెండేళ్ళు వరసగా చెరువులు పోయాయండి. రోగం తగిలి సరుకంతా తేలిపోయింది. దారి ఉందనే మా ఆవిడతో చెప్తన్నాను." తర్వాత నెమ్మదిగా అన్నాడు. "నాలుగు రోజులు ఆగండి. ఆలోచించుకుని చెప్తాను."

ఆ నాలుగు రోజులూ సుభాషిణి ఆ ఇంటి పేరెత్తలేదు. ధరావతు కట్టడానికి గడువు దగ్గరపడుతున్నా కట్టలేదు. ఐదో రోజు పొద్దున్నే రాజుగారే వెతుక్కుంటూ ఆ రెండు గదుల ముందుకొచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"దారి లేదండి. మీరు పాడుకోండి," అన్నాడు. ఆ రెండు మాటలు చెప్పి వెనక్కి తిరిగి, చెప్పుల చప్పుడు కూడా వినపడనంత మెల్లగా వెళ్ళిపోయాడు. గణపతి ఆ రోజు పనికి ఆలస్యంగా వెళ్ళాడు. ఆ తర్వాత ఏడుపు కొనుక్కోవడం గురించి మళ్ళీ మాట్లాడలేదు.

వేలం రోజున పాడింది ఇద్దరే. నా వీపు మీద కొత్త చీటీ. అంకె ఒక్కో మెట్టూ ఎక్కుతూ చీటీకి ఒక్క మెట్టు కింద ఆగింది. ఆ మెట్టు మీద ఉన్నది సుభాషిణి. ఐదు నిమిషాలు. నన్ను ఎంత గట్టిగా పట్టుకుందంటే డబ్బా లోపల స్ప్రింగు కిరకిరలాడింది. అవతలివాళ్ళు పెంచలేదు. తెర మీద ఆమె పాట ఖాయమైనట్టు వచ్చింది. ఆమె గెంతలేదు, నవ్వలేదు. నెట్ సెంటరాయన్ని మంచినీళ్ళడిగింది.

దాచుకున్న డబ్బంతా మర్నాటి పావు వంతుకే సరిపోయింది. పదిహేను రోజుల గడువులో పన్నెండు రోజులు ఇంటి అప్పు మంజూరు కాగితాల కోసమే అయిపోయాయి. ఇంకా కొంచెం తక్కువైంది. ఆమె మెడలో గొలుసు వెళ్ళింది. వీరభద్రాచారి అటక మీద దాచుకున్న టేకు చెక్కలు అమ్మి తెచ్చిచ్చాడు. చివరి మొత్తాన్ని గణపతి తన యజమాని దగ్గర జీతం మీద అడ్వాన్సుగా తెచ్చాడు. అడగడం అంటే ప్రాణం మీదకొచ్చే మనిషి అతను. పద్నాలుగో రోజు మధ్యాహ్నం అంతా కట్టేశారు. బ్యాంకు సేల్ సర్టిఫికెట్ ఇచ్చింది, రిజిస్ట్రేషనూ అయింది. ఇల్లు సుభాషిణిది.

ఇంట్లో మాత్రం రాజుగారే ఉన్నారు.

"వచ్చే వారం ఖాళీ చేస్తానండి," అన్నాడు ఆయన మొదటి ఆదివారం. రెండో ఆదివారమూ అదే అన్నాడు. మూడోదీ, నాలుగోదీ అంతే. అడుగంటే పన్నెండంగుళాలని నమ్ముకుని బతికేదాన్ని నేను. మనుషుల వారానికి ఎన్ని రోజులుంటాయో అప్పుడే సందేహం కలిగింది. సుభాషిణి బ్యాంకుకు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చింది. అధికారులు కదిలి ఇల్లు అప్పగించడానికి నెలలు పడుతుందన్నారు. ఇక్కడ అద్దె, అక్కడ కిస్తీ, రెండూ ఆమె కుట్టే గుడ్డల మీదే పడ్డాయి.

ఇళ్ళ బేరాలు చూసే ఒక మధ్యవర్తి ఆమె కుట్టే చోటికొచ్చాడు. "నలుగుర్ని పంపిస్తానండి. రెండ్రోజుల్లో సామాను రోడ్డు మీదుంటది. మీరు అటు రానక్కర్లేదు."

"నేను రానక్కర్లేని పని నా పేరు మీద జరగడానికి వీల్లేదండి," అంది సుభాషిణి. మిషను ఆపకుండానే అంది.

ఐదో ఆదివారం ఆమె రాజుగారిని ఏమీ అడగలేదు. తిన్నగా కర్టెను దగ్గరకెళ్ళి నిలబడింది.

"వసుంధరమ్మగారూ, మొదటి కిస్తీ కట్టేశానండి. రెండోది దగ్గరికొచ్చింది. నాకు ఇంక ఓపిక పట్టే తాహతు లేదు. మీతో గొడవ పడాలనీ లేదు. అసలు సంగతేంటో మీరే చెప్పండి. చెప్పేదాకా ఇక్కడే కూర్చుంటాను." నిజంగానే నేల మీద కూర్చుంది.

కర్టెను కదిలింది. వసుంధరమ్మగారు వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నారు. మనిషి సన్నగా, తెల్లగా, ఎండ తగలని మొక్కలా ఉన్నారు.

"అద్దెకి ఇల్లు చూశారండి ఆయన. బస్సుల రోడ్డు మీద మేడ. ఎదురుగా టీ కొట్టు, పక్కన ఆటోల స్టాండు. ఆరు కిటికీలంట, ఒక్కదానికీ గుడ్డపేలిక లేదంట. బుద్ధెరిగాక నేను వీధికి మొహం చూపించలేదు. ఇప్పుడు చూసేవాళ్ళంతా ఒకందుకే చూస్తారు. ఓడిపోయినోళ్ళ మొహం ఎలా ఉంటదోనని." ఆమె భర్త వైపు చూశారు. "ఆయన వారం వారం అబద్ధమాడేది నాకోసమేనండి. ఆయన్ని ఏమీ అనకండి."

సుభాషిణి లేచి నిలబడింది. సంచిలోంచి నన్ను తీసింది. "రాజుగారూ, ఆ మేడ తాళం మీ దగ్గరుందా? పదండి, చూపించండి."

ఆరు కిటికీలూ కొలిచాం. నాలుగడుగులవి నాలుగు, మూడడుగులవి రెండు. సాయంత్రానికల్లా పాత ఇంటి కర్టెన్లు దిగాయి. జరీ అంచులు ఎక్కడా చెడకుండా విప్పి, కత్తిరించి, రెండు రోజుల్లో కొత్త కొలతలకు కుట్టింది. ఇక తగిలించాలి. మణికట్టు విరిగినప్పటినుంచీ ఆమె నిచ్చెనెక్కలేదు. ఆ పనికి మనిషిని పెట్టుకునేది. ఆ రోజు మనిషి దొరకలేదు. నిచ్చెనను గణపతి రెండు చేతులతో పట్టుకున్నాడు. సుభాషిణి మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. నడుముకున్న నా డబ్బా చెక్కుకుపోయిన మూలను ఒకసారి వేలితో తడిమింది. అయినా ఎక్కింది. ఆరు కిటికీలకు ఆరుసార్లు ఎక్కి దిగింది.

మర్నాడు పదకొండింటికి, పట్టపగలు, రాజుగారి సామాను కదిలింది. వసుంధరమ్మగారు కారు దిగి తల వంచుకుని మెట్లెక్కారు. లోపలికి రాగానే కిటికీ దగ్గర నిలబడ్డారు. తమ ఇంటి గుడ్డను చేత్తో తడిమారు. ఏమనుకున్నారో, కర్టెనును రెండు వేళ్ళ మేర పక్కకు జరిపి బయటికి చూశారు.

"టీ కొట్టు దగ్గర ఎవళ్ళూ ఇటు చూట్టం లేదండి," అన్నారు ఆశ్చర్యంగా.

తర్వాత తాళాల గుత్తి సుభాషిణి చేతిలో పెట్టారు. "వంటింటి కిటికీ గడియ కొంచెం పైకెత్తి వెయ్యాలండి. లేకపోతే పడదు," అని చెప్పి మొహం తిప్పుకున్నారు.

సుభాషిణి మేడ మీద కారడం ఆపించింది, బీట పూడ్పించింది. కింది భాగం ఆసుపత్రిలో పనిచేసే ఇద్దరు నర్సులకు అద్దెకిచ్చి, పైభాగంలో తను చేరింది. కోట్లు రాలేదు. అద్దె కిస్తీకి పోను కొద్దిగా మిగిలేది. వానాకాలంలో మణికట్టు సలిపిన రోజున పని మానుకునే వీలు వచ్చింది. ఆమె పాడింది దానికోసమే. ఏడాది తర్వాత మళ్ళీ నోటుపుస్తకం తీసింది. ఈసారి కొలవడానికి నేను వెళ్ళలేదు. గోడ మీద ఎర్ర చుక్క వేసి చెప్పేసే బుల్లి యంత్రం కొనుక్కుంది. నా స్ప్రింగు నీరసించింది, తిరిగి లోపలికెళ్ళాలంటే తోయాలి. మిషను సొరుగులో దారపు ఉండల మధ్య పడుకున్నాను. నా పని ఇంతటితో అయిందనుకున్నాను.

మూడేళ్ళు గడిచాక ఒకనాడు నరసింహరాజుగారు మడత పెట్టిన పేపరుతో వచ్చారు. ఇప్పుడాయన ఎవరి చెరువుల మీదో జీతానికి సూపర్‌వైజరు. ఊరి చివర చిన్న పెంకుటిల్లు ఒకటి వేలానికొచ్చిందట. వసుంధర పేరు మీద పాడాలని ఆలోచన. ఎలా చదవాలో తెలియక నోటీసు కింద ఎర్ర గీతలు గీసుకుని వచ్చారు.

సుభాషిణి ప్రతి గీతా విడమరిచి చెప్పింది. "కాగితంలో అంకె నమ్మకండి రాజుగారూ. మీ చేత్తో కొలుచుకోండి. ముందు లోపలున్నవాళ్ళతో మాట్లాడండి."

"ఆ రెండోది నాకు చెప్పక్కర్లేదండి," అన్నాడు ఆయన. ఇద్దరూ నవ్వారు.

ఆమె సొరుగు తెరిచి నన్ను తీసి ఆయన చేతికిచ్చింది. "కొంచెం తోస్తేగానీ లోపలికెళ్ళదండి. కొలత మాత్రం తప్పదు."

ఆ ఇంటి ముందు రోడ్డు కొలిచిన పూట నాకు బాగా గుర్తుంది. రాజుగారు ఇటు గోడ దగ్గర డబ్బా పట్టుకుని వంగారు. కొక్కెం పట్టుకుని రోడ్డు దాటి అవతలి గోడ దాకా వెళ్ళాల్సిన మనిషి ఒకరు కావాలి. ఎవరూ లేరు. వసుంధరమ్మగారు ఒక్క క్షణం అటూ ఇటూ చూశారు. కొంగు భుజం చుట్టూ బిగించి, నా కొక్కెం పట్టుకుని వీధి మధ్యలోంచి నడిచి వెళ్ళారు. నేను ఆమె వెనకే సాగుతూ పోయాను. పద్నాలుగడుగుల ఆరంగుళాలు.

అంతలో ఒక స్కూటరు వచ్చి ఆగి హారను కొట్టింది. రాజుగారు గాభరాగా నన్ను చుట్టబోయారు.

"ఉండండి," అన్నారు వసుంధరమ్మగారు భర్తతో. తర్వాత స్కూటరాయన వైపు తిరిగి, వీధంతా వినపడేలా చెప్పారు. "ఒక్క నిమిషం ఆగండి బాబూ. ఇల్లు కొనుక్కుంటున్నాం, కొలుచుకోవాలి."